మింగే సుడి

"నన్నెవరూ ఎరగని ఊరికి పోతే ఈ పేరు వదుల్తాదా అవ్వా?" అని సుంకమ్మ అడిగింది. అడిగేనాటికే ఉన్న రెండు చీరలూ మూటగట్టి మఠం తలుపు దగ్గర పెట్టుకుంది.

కొండ కింద మఠానికి గురువు తిప్పమ్మ అవ్వ. వయసులో ఉన్నప్పుడు క్వారీలో రాళ్లు మోసిన మనిషి. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు, పని చెప్పే అలవాటే ఉంది.

సుంకమ్మ మొగుడు బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి మీదపడి పోయాడు. మింగింది మట్టి. మొగుణ్ణి మింగిందన్న పేరు మాత్రం ఆమెకొచ్చింది. పొద్దున్నే ఎదురుపడితే జనం ఉమ్మేసి వెనక్కి మళ్లేవాళ్లు. పోనుపోను ఆమే మనిషి అలికిడి వింటే చాలు, సందులోకి తప్పుకోవడం నేర్చుకుంది. ఊరు పేరు పెట్టడం ఒక ఘోరం. ఆ పేరుకు తగ్గట్టు మన కాళ్లే నడవడం అంతకు మించిన ఘోరం.

"వాన పడింది. మన ఎద్దుకు జోడు లేదు" అంది అవ్వ. "సంతకు పోయి ఒకదాన్ని తోలుకురా. మీ నాయన ఎద్దుల బేరగాడు, నీకు తెలియని గొడ్డుంటాదా? మూటదేముందిలే, వచ్చినాక ఎత్తుకుందువు."

మధ్యాహ్నానికి సుంకమ్మ ఖాళీ పలుపు భుజాన వేసుకుని తిరిగొచ్చింది.

"గొడ్లే లేవా?"

"మంచివన్నీ పొద్దున్నే అమ్ముడుపోయినాయి. ఒకటి మిగిలింది. పళ్లు చూసినా, గిట్టలు చూసినా, ఏ వంకా లేదు. ఈ పూటకు ఎవరూ కొనకుంటే కటికోళ్ల లారీ ఎక్కిస్తారంట."

"మరి?"

"నుదుట సుడి ఉండాది అవ్వా. ఆసామిని మింగే సుడి. పోయినేడు దాని ఆసామి పాము కరిచి సచ్చినాడంట."

"ఆ పాముకు ఏ సుడి ఉండిందో అడిగినావా?"

తానన్న 'మింగే' అన్న మాట సుంకమ్మ చెవికే వచ్చి తగిలింది. ఈసారి ఆ మాట అన్నది ఊరు కాదు. ఆమె మంచినీళ్లయినా తాగలేదు. పలుపు చేతికి చుట్టుకుని, పరుగులాంటి నడకతో మళ్లీ సంత దారి పట్టింది.

బేరం తెగేసరికి పొద్దుపోయింది. ఆ రాత్రి సంతలోనే ఎద్దు పక్కన పడుకుంది. తెల్లవారి దాన్ని ఊరి నడివీధిన తోలుకొస్తుంటే, విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని గిడ్డయ్య ఎదురొచ్చాడు. ఆమెను చూశాడు, ఎద్దు నుదురు చూశాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏందే ఇది! విత్తను పోయే పొద్దున ఇద్దరూ ఒక్కసారే ఎదురొస్తిరి!"

సుంకమ్మ కాళ్లు పాత అలవాటున సందు వైపు తిరగబోయాయి. పలుపు బిగించి పట్టుకుని నిలబడింది.

"అవును మామా, ఇద్దరమూ వస్తాండాం. రవ్వంత పక్కకు జరుగు. ఎద్దుకు ఊరు కొత్త, బెదురుతాది."

గిడ్డయ్య గొణుక్కుంటూ మూటతో సహా జరిగాడు. ఇన్నాళ్లూ ఆమె తప్పుకున్న సందులోకే జరిగాడు.

మఠం ముందు అవ్వ కాడి సర్దుకుంటూ కూర్చుంది. తల ఎత్తలేదు.

"దోవలో ఆ సుడి మీద చెయ్యి పెట్టి చూసినా అవ్వా" అంది సుంకమ్మ.

"ఏముండాది?"

"వెంట్రుకలు."

అవ్వ లేచింది. తలుపు దగ్గరున్న మూటను కాలితో లోపలికి నెట్టి, కాడి తెచ్చి సుంకమ్మ చేతికిచ్చింది.

"అయితే కట్టు. నేల పదును ఆరిపోతాంది."