పేరు చెప్పకూడని వేరు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నీళ్లకు కరువు లేదు, జబ్బులకూ కరువు లేదు.

అక్కడ శృంగకుడనే జింకకు గుండెదడ పట్టుకుంది. భార్య లోలాక్షి కంగారుపడి, మూలికలమ్మే నక్క దగ్గరికి పరుగెత్తింది.

నక్క ఎండిన వేరొకటి ముందు పెట్టాడు. "రోజూ ఇంత నమిలించు తల్లీ. దీని సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. మూడో చెవిన పడితే గుణం పోతుంది."

"దీంతో ప్రమాదమేమీ లేదు కదా, అన్నా?"

నక్క పకపకా నవ్వాడు. "పుట్టింది మొదలు ఆకూ అలమూ తినే జాతి మీది. మీకు వేరు పడకపోవడమేమిటి!"

దడ కొంచెం తగ్గింది, పోలేదు. లోలాక్షి ఈసారి భర్తను తాబేలు వైద్యుడికి చూపించింది.

"ఇంకే మందైనా వాడుతున్నారా?" అని అడిగాడు తాబేలు.

"మందా? లేదండీ." వేరు మందు కాదుగా అనుకుంది.

"పసరు, కషాయం లాంటివి?"

"అవీ లేవండీ." శృంగకుడు నోరు తెరవబోతే కాలు తొక్కింది.

తాబేలుకు అనుమానం తీరలేదు. "చూడమ్మా, నా పొడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అలాంటిదే ఇంకొకటి తోడైతే గుండె ఆగిపోతుంది. ఒట్టేసి చెప్పు."

చెబితే గుణం పోతుంది. గుణం పోతే ఈయన పోతాడు. లోలాక్షి కళ్లు మూసుకుని, "ఒట్టండీ" అంది.

పొడి తీసుకుని వాళ్లు వెళ్లారు. తరువాత వచ్చిన అడవిపందిదీ అదే జబ్బు. తాబేలు అడగడమే ఆలస్యం, వేరు తీసి ముందు పడేశాడు.

"నక్క ఇచ్చాడండీ. చెప్పకూడదట. నా కడుపులో మాట దాగి చస్తేగా! మన లోలాక్షమ్మ కూడా ఇదే కొనుక్కెళ్లడం చూశాను."

తాబేలు వేరు వాసన చూశాడు. "నా పొడి కూడా ఈ వేరుతో చేసిందే! నేను పరుగెత్తలేను నాయనా, నువ్వు పో. శృంగకుడికి ఇచ్చిన ఆ పొడి తిననివ్వకు!"

అడవిపంది ముళ్లనూ రాళ్లనూ లెక్కచేయక పరుగెత్తాడు.

వెళ్లేసరికి శృంగకుడు గడ్డి మీద పడుకుని ఉన్నాడు. లోలాక్షి అతని ఎదమీద చెవి ఆనించి, మురిసిపోతూ తలెత్తింది.

"ఇటు రా అన్నా, విను. దడ పూర్తిగా పోయింది. అసలు చప్పుడే లేదు."

చెట్టు నుంచి వచ్చినా మందు మందే. నోట వేసుకున్నది వైద్యుడి దగ్గర దాస్తే ప్రాణం మీదికి వస్తుంది.