గానుగెద్దు పథ్యం

కోటిలింగం నూనె గానుగకు మోటారు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు అతని ఎద్దు మైలన్న. పన్నెండేళ్లు కళ్లకు గంతలు కట్టుకుని కొయ్య గానుగ చుట్టూ తిరిగినవాడు మరి. మోటారు కొత్త షెడ్డులోకి చేరింది. పాత గానుగ దొడ్లోనే మిగిలింది. గంతలు విప్పి గుంజకు తగిలించారు. మైలన్న కొట్టం నీడలో చతికిలబడ్డాడు.

పని పోయింది గాని తొట్టి పోలేదు. కోటిలింగం భార్య ఆదెమ్మది మెత్తని మనసు. గానుగ తిప్పిన రోజుల్లో ఎంత పెట్టేదో ఇప్పుడూ అంతే పెట్టింది. పొద్దునా సాయంత్రం తొట్టి నిండా తవుడు, తెలగపిండి, పైన ఉలవగుగ్గిళ్లు. మూడు నెలలు తిరిగేసరికి మైలన్న లేచి నిలబడాలంటే మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మొదటిసారికి మూలుగు వచ్చేది, రెండోసారికి ఆయాసం వచ్చేది, మూడోసారికి గానీ కాళ్లు లేచేవి కావు.

ఒకరోజు కోటిలింగం నడుం మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూశాడు.

"ఏమేవ్, ఏరువాక ఇంకా నలభై రోజులుంది. ఆ రోజు మీ తమ్ముడి ఎద్దుతో జతచేసి వీణ్ణి అరకకు కడతా. ఎకరం చెక్క దున్నాడా, ఉంటాడు. కూలబడ్డాడా, శుక్రవారం సంతకు తోలేస్తా."

బలిసిన ఎద్దును సంతలో కొనేవాడు దున్నించడానికి కొనడని పశువులన్నిటికీ తెలుసు. మైలన్నకు ఆ పూట తిండి సహించలేదు. సహించకపోయినా తిన్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ దొడ్లోనే గడ్డాలయ్య అనే మేకపోతు ఉన్నాడు. జానెడు గడ్డం ఉంటే చాలు, వైద్యానికి వేరే అర్హత అక్కర్లేదని ఆయన నమ్మకం. పైగా పొట్లాలకు తెచ్చిన పాత పేపర్లలో ఆరోగ్యం పేజీలే ఏరుకుని నమిలేవాడు. దొడ్డంతా ఆయన్ని వైద్యుడుగారనే పిలిచేది.

"వైద్యుడుగారూ, నేను ఎలాగైనా సన్నబడేలా చెయ్యాలి," అన్నాడు మైలన్న.

గడ్డాలయ్య ఆ పొట్ట చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. దానికే కాస్త సమయం పట్టింది.

"నీ మెటబాలిజం పడుకుందయ్యా."

"అదెక్కడుంటదండీ?"

"కడుపులో. పొయ్యి లాంటిదనుకో. కట్టెలు కుక్కికుక్కి మంట ఆర్పేశావు. ఆ కట్టెలన్నీ లాగేయాలి. ఇవాళ్టినుంచి నీకు నీళ్లు, నాలుగు గడ్డిపరకలు. అంతే."

"మరి తొట్టి?"

"తొట్టి నిండుగా కనబడితే ఆదెమ్మగారు బెంగపెట్టుకుంటారు. ఆ భారం నేను మోస్తాలే," అన్నాడు గడ్డాలయ్య గంభీరంగా.

పన్నెండు రోజులు మోశాడు. తొట్టి అడుగు అద్దంలా మెరిసేది.

మైలన్న మాత్రం సన్నబడలేదు, నీరసపడ్డాడు. రోజంతా పడుకునే ఉండేవాడు. ఈగల మీదికి తోక విసరడం కూడా మానేశాడు. పొట్ట ఉన్నచోటే ఉంది, మోకాళ్లు వణకడం ఒక్కటే కొత్త. ఒక మధ్యాహ్నం సంత గుర్తొచ్చి కళ్లనీళ్లు కారుతుంటే పక్కనే పేడ కెలుకుతున్న నల్లపెట్ట తల ఎత్తింది. తెల్లారినప్పటినుంచీ పొద్దుగూకేదాకా తింటూనే ఉండే కోడి అది. పట్టుకుంటే మాత్రం గుప్పెడు ఈకలు.

"ఏందన్నా ఆ ఏడుపు?"

"పన్నెండు రోజులుగా పస్తులున్నా పెట్టక్కా. నా మెటబాలిజం లేవట్లేదు."

"పస్తులుంటే ఎట్టా లేస్తది? తిండి రాదని తెలిస్తే ఒళ్లు పిసినారిదైపోద్ది, ఉన్నదంతా మూటగట్టుకుని కూర్చుంటది. కట్టెలన్నీ లాగేస్తే పొయ్యి మండుద్దా? నన్ను చూడు. ఒక్క గింజ తింటే పదిసార్లు కాలు దువ్వుతా."

"నేనూ నడుద్దామనే అనుకున్నా. కాళ్లు రావట్లేదు."

"ఏం, నొప్పులా?"

మైలన్న సిగ్గుతో తల దించుకున్నాడు. "గంతలు కడితేగానీ నాకు నడక రాదక్కా. పన్నెండేళ్ల అలవాటు. కళ్లు తెరిచి ఉంటే అన్నీ కనపడతాయి, ఎటు పోవాలో తెలీదు. అక్కడే నిలబడిపోతా."

నల్లపెట్ట పడీపడీ నవ్వింది. ఆ అరుపులకు గుడ్డు పెట్టిందేమోనని ఆదెమ్మ బుట్ట పట్టుకొచ్చి దొడ్డంతా వెతికి పోయింది.

నవ్వు ఆగాక పెట్ట గుంజ మీదికి ఎగిరి, గంతల తాడు ముక్కుతో లాగి మైలన్న తలమీద పడేసింది. అతను అటూ ఇటూ తల ఆడించి వాటిని కళ్లమీదికి జార్చుకున్నాడు. అంతే, కాళ్లు వాటంతటవే పాత గానుగ చుట్టూ కదిలాయి. ఆ రోజు ఐదు చుట్లు తిరిగాడు. ఐదో చుట్టులో రెండుసార్లు ఆగాడు.

"రేపట్నుంచి తొట్టిలో సగం తిను. తీరిగ్గా నెమరేసి, అప్పుడు నడువు. రోజుకు రెండు చుట్లు పెంచు. పొద్దుగూకగానే నిద్రపో," అంది పెట్ట.

"మిగతా సగం?"

పెట్ట గడ్డాలయ్య వైపు ఒంటికన్నుతో చూసింది. "అది వైద్యుడుగారి ఫీజు. పాపం, ఆపమాక."

గడ్డాలయ్య సంబరపడిపోయాడు. తన వైద్యంలో ఇది రెండో దశ అని దొడ్డంతా చాటింపు వేశాడు. ఎద్దు మళ్లీ తిరుగుతున్నాడని ముచ్చటపడి ఆదెమ్మ రెండు పిడికిళ్లు ఉలవలు ఎక్కువ వేసింది. అవీ ఫీజులోకే పోయాయి.

మైలన్నకు వారం తిరిగేసరికి ఒకే ప్రయత్నంలో లేవడం వచ్చింది. రెండు వారాలకు ఆయాసం తగ్గింది. మూడో వారంలో ఒక పొద్దున గంతల ముడి ఊడి కిందపడింది. మైలన్న ఆగలేదు. మునగచెట్టునూ గోడనూ ఆకాశాన్నీ చూసుకుంటూ ఇంకో నాలుగు చుట్లు తిరిగాక గానీ సంగతి అతనికే తెలియలేదు. పెట్ట చూసింది గాని, ఆ పూట నవ్వలేదు.

ఏరువాక నాడు అరకకు కట్టారు. సగం చెక్క అయ్యేసరికి మైలన్న నోట నురగ వచ్చింది. ఒకసారి మోకాలు నేలకు ఆనింది. దొడ్డి గోడెక్కి చూస్తున్న పెట్ట మెడ చాచింది. మైలన్న ఒక్కసారికే లేచాడు. మధ్యాహ్నానికి ఎకరం పూర్తిచేసి తన కాళ్లమీద తనే ఇంటికి వచ్చాడు.

"వీడు ఉంటాడే!" అంటూ కోటిలింగం ఎద్దు వీపు తట్టాడు. తట్టిన చెయ్యి పక్కనే ఉన్న గడ్డాలయ్య వీపు మీద వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వీపు నొక్కాడు. తొడ నొక్కాడు.

"ఏమేవ్, అమ్మోరి కొలుపులకు బలి పోతును కొనాలన్నావుగా. డబ్బు దండగ! మన దొడ్లోనే దూలంలా ఉంది. కొలుపులకు ఇంకా నెలుంది, దీనికి తొట్టి తగ్గనీకు."

గడ్డాలయ్య గడ్డం గడగడ వణికింది. అతి కష్టం మీద ఎద్దు దగ్గరికి దొర్లుకుంటూ వచ్చాడు.

"మైలన్నా, నాయనా... ఆ గంతలు ఒక్కసారి ఇస్తావా?"

"తీసుకోండి వైద్యుడుగారూ," అన్నాడు మైలన్న, తొట్టి వైపు నడుస్తూ. "చుట్లు మాత్రం మీరే తిరగాలి. తొట్టి భారం నేను మోస్తాలెండి."

పథ్యం చెప్పేవాడి మాట వినేముందు వాడి పొట్ట వంక ఒకసారి చూడాలి, విన్నాక నడవాల్సింది మాత్రం మన కాళ్లే.