ఉప్పునీళ్ళ ఎలుకలు

నీలవేణికి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. రేపు పొద్దున్నే కమిటీ. నాలుగేళ్ళ పరిశోధన నిలుస్తుందో, బుట్టదాఖలవుతుందో తేలేది అక్కడే.

ఆమె పరీక్షిస్తున్న మందు ఎలుక పొట్టలోని కండర కణాల మీద ఉండే గ్రాహకాలకు అతుక్కుంటుంది. అతుక్కోగానే కండరం కదలడం మానేస్తుంది. పొట్టలో అమర్చిన చిన్న పరికరం ఆ కదలికను తెర మీద గీతగా చూపిస్తుంది. మందు పడిన ఎలుకల గీతలు పడుకున్నాయి. బాగానే ఉంది. కానీ పోల్చి చూడడానికి వట్టి ఉప్పునీళ్ళు ఇచ్చిన ఎలుకల గీతలు కూడా పడుకున్నాయి! వాటికేం రోగం?

ఇక మందు వల్లే కండరం ఆగిందని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? సూదులు మార్చింది, సీసాలు మార్చింది. మరో ఎలుకను తోక పట్టి లాగింది. అది కీచుమంది. ఉప్పునీళ్ళ సూది గుచ్చింది. గీత లేవలేదు.

గురువు అహోబలరావుగారు వచ్చేసరికి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"రోజూ వీటిని కాసేపు చేతుల్లోకి తీసుకుంటున్నావా?" అని అడిగారు.

"మొదట్లో తీసుకునేదాన్ని సార్. ఈ హడావిడిలో తీరికెక్కడిది?"

ఆయన తన కారేజీ విప్పి పులిహోర ఆమె ముందు పెట్టారు.

"తిను."

"ఇప్పుడా సార్? రేపు వాళ్ళకేం చెప్పాలో తెలియక ప్రాణం పోతోంది."

"తినమ్మా."

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎంతకీ గొంతు దిగలేదు.

"సహించడం లేదండీ. పొద్దున తిన్న ఇడ్లీయే ఇంకా కదలకుండా అక్కడే ఉన్నట్టుంది."

"నీకు నేనేమీ మందివ్వలేదు కదమ్మా," అన్నారు గురువుగారు.

రెండో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నీలవేణి మెల్లగా బోను వైపు తిరిగింది. ఎలుకలన్నీ మూలకు చేరి, ఒకదాని కింద ఒకటి దూరి వణుకుతున్నాయి. ఆమె కాస్త కదిలితే చాలు, ఇంకా లోపలికి దూరుతున్నాయి. ఇన్నాళ్ళూ ఈ గదిలో భయపడుతున్నది తనొక్కతే అనుకుంది.

లేచి చెయ్యి కడుక్కుంది. బోను తలుపు తీసి, అరచెయ్యి లోపల వెల్లకిలా పెట్టి, కదలకుండా కూర్చుంది. ఎలుకలను బెదరగొట్టిన తప్పు తనదేనని రేపు చెప్పి గడువు అడగాలి. ఆ మాట అనుకున్నాక దడ కొంచెం తగ్గింది.

చాలాసేపటికి ఒక ఎలుక వచ్చి ఆమె వేళ్ళు వాసన చూసింది.

గురువుగారు కారేజీ మూత పెట్టబోయారు.

"ఉంచండి సార్," అంది నీలవేణి, చెయ్యి కదపకుండానే. "తింటాను."