కిర్రుమనే కుర్చీ

నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, తలుపు తీసే ఉంది. మధ్యలో "ఇదెక్కడి కోత" అని గొణిగితే మాత్రం కుదరదు. ఈ కథకు సాక్షి ఉన్నాడు. అల్లాటప్పా సాక్షి కాదు. పేరు చివర్లో చెప్పుకుందాం.

కర్నూలులో అబ్దుల్ గఫార్ సాహెబ్ అని ఒక వకీలు ఉండేవాడు. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, సాక్షులు అడక్కముందే నిజం చెప్పేవాళ్లు. ఒకసారి ఊరికే తుమ్మితే పక్క కోర్టులో ముద్దాయి నేరం ఒప్పేసుకున్నాడు. అంతటి మనిషి పెద్దవయసులో నల్లకోటు కొయ్యకు తగిలించి, డిగ్రీలో నేరశాస్త్రం, న్యాయశాస్త్రం చదివే పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చాడు.

ఆ పిల్లల్లో చౌడేశ్వరి ఒకతి. బేతంచెర్ల అమ్మాయి. తండ్రి మద్దిలేటి నాపరాళ్ల గనిలో మేస్త్రీ. చౌడేశ్వరిని నిద్రలేపి అడిగినా సెక్షన్లు ఉపసెక్షన్లతో సహా అప్పజెప్పేది. లేపకుండా అడిగినా చెప్పేదని హాస్టల్ పిల్లలు అనేవాళ్లు.

కానీ ఆమెకు ఒకటే రోగం. ఆగడం తెలీదు.

కిందటేడు కాలేజీల మధ్య మూట్ కోర్టు పోటీ జరిగింది. ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి సాక్షులు, నిజం జడ్జిగారు. గడ్డివాము తగలబెట్టిన కేసులో చౌడేశ్వరి ముద్దాయి తరఫు. బిడ్డ వాదన చూద్దామని తండ్రి గనికి సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ముద్దాయి నిప్పు పెట్టడం నువ్వు చూశావా?" అని సాక్షిని అడిగింది.

"లేదు."

అక్కడికి కేసు గెలిచినట్టే. చౌడేశ్వరి ఆగితేగా.

"చూడనివాడివి, అతనే పెట్టాడని ఎట్లా చెబుతావు?"

"వామి మీంచి దూకేటప్పుడు వాని పంచె అంటుకొని ఉండె. మా ఎద్దుల తొట్లో నీళ్లు పోసి నేనే ఆర్పితిని."

హాలంతా గొల్లుమంది. బయటికొచ్చాక మద్దిలేటి కూతురితో ఒకటే మాట అన్నాడు.

"పాపా, నీ తావ మాటలు శానా ఉండాయి. కేసే లేదు. వచ్చే ఏడు ఇంగొక్కతూరి చూస్తా. మళ్లా ఇట్లే అయితే లా ఇడిసిపెట్టి బి.ఎడ్.లో చేరు. పిల్లోళ్ల ముందర ఎంతసేపు మాట్లాడినా అడ్డం చెప్పేటోళ్లు ఉండరు."

ఆ ఏడు గడిచి పోటీ దగ్గరపడుతుంటే, చౌడేశ్వరి పుస్తకాలన్నీ చంకనేసుకుని గఫార్ సాహెబ్ ఇంటికి పోయింది.

"సార్, ఎన్ని ప్రశ్నలు అడగాలో నాకు తెలుసు. ఎక్కడ ఆపాలో చెప్పండి. ఏ పుస్తకంలో ఉంది?"

సాహెబ్ పుస్తకాల వైపు చూడనేలేదు. లోపలికి పోయి ఒక పాత టేకు కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు. ఆ కుర్చీ సంగతి ఊరందరికీ తెలుసు. దాని మీద ఈగ వాలినా కిర్రుమనేది.

"కూర్చో బేటీ."

కూర్చుంది. కిర్రుమంది.

"లెయ్."

లేచింది.

"కూర్చో."

"సార్, నేను అడిగింది సాక్షిని గురించి..."

"కిర్రుమంటాంది," అన్నాడు సాహెబ్. "మళ్లా."

ఆ రోజు పాఠం అంతే. మర్నాడూ అంతే. చట్టం ఊసే లేదు. అప్పుడప్పుడు ఆయన పేపర్లోంచి తలెత్తి, "ఇంగా ఏమన్నా అడగాలనిపిస్తాందా?" అనేవాడు.

"శానా అనిపిస్తాంది సార్."

"అయితే కూర్చో."

కాలేజీలో సంగతి పొక్కింది. "ఏమే చౌడేశ్వరీ, కూర్చోవడంలో ఎన్నో సెమిస్టరు?" అని ఏడిపించారు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా పోయింది, కూర్చుంది, లేచింది.

ఒక సాయంత్రం కుర్చీ కిర్రుమనలేదు. సాహెబ్ పేపరు మడిచి, "టీ తాగి పో," అన్నాడు.

ఇక పోటీ. ఫైనల్లో ఎదుటి జట్టు విశాఖది. దాని నాయకుడు సోమశేఖర్ అలాంటిలాంటివాడు కాదు, వాడి వాదన విని ఫ్యాన్లు తిరగడం మానేసేవి. చౌడేశ్వరి రోగం వాడికి బాగా తెలుసు. దానికి తగ్గ ఉచ్చే పన్నాడు. ఆ పోటీలో ఒక నిబంధన ఉంది. అవతలివాళ్లు ప్రశ్నించి కూర్చున్నాక, మన సాక్షిని మనం మళ్లీ అడగడానికి వీల్లేదు. అయినా వాడు అసలు జవాబును సాక్షి చేత ముందు చెప్పించకుండా దాచిపెట్టాడు, ఆమె ఎలాగూ అడుగుతుందని వాడి ధీమా.

ఈసారి గొర్రెల దొంగతనం కేసు. చౌడేశ్వరి మళ్లీ ముద్దాయి తరఫే.

"చీకట్లో దొంగ మొహం కనిపించిందా?"

"లేదు. గొర్రెల్ని అదిలించిన గొంతు ఇతనిదే," అన్నాడు సాక్షి.

"అంతకుముందు ఇతనితో ఎప్పుడన్నా మాట్లాడావా?"

"ఎప్పుడూ లేదు."

సోమశేఖర్ ముందుకు వంగాడు. ఎదురు వరసలో మద్దిలేటి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మరి గొంతు ఎట్లా గుర్తుపట్టావు? ఆ ప్రశ్న చౌడేశ్వరి నాలుక చివరికి వచ్చింది. పళ్లదాకా వచ్చింది. అడగాలనిపించింది. శానా అనిపించింది.

కూర్చుంది. కుర్చీ కిర్రుమనలేదు.

ఆ నిశ్శబ్దంలో అంతదూరాన తుంగభద్ర పారే చప్పుడు హాల్లోకి వినిపించింది. గోడమీది బల్లి సైతం పురుగును పట్టబోయి ఆగిపోయింది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు జడ్జిగారు.

"లేవండి."

"మొహం చూడలేదు, ఎన్నడూ మాట్లాడలేదు, గొంతు మాత్రం ముద్దాయిదట," అని జడ్జిగారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "ఈ సాక్ష్యం చెల్లదు. ముద్దాయి నిర్దోషి. కర్నూలు జట్టు గెలిచింది."

చప్పట్లకు పైకప్పు జానెడు లేచి మళ్లీ కూర్చుంది. ఏడిపించిన పిల్లలే చౌడేశ్వరిని భుజాలమీదికి ఎత్తారు. మద్దిలేటి ఆ గుంపును తోసుకుంటూ గఫార్ సాహెబ్ దగ్గరికి వచ్చాడు. బి.ఎడ్. మాటే ఎత్తలేదు.

"సాబ్, నల్లకోటు ఏడ కుట్టిస్తారు?" అని అడిగాడు.

అంతలో సోమశేఖర్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"సార్, ఆవిడ ఇంకొక్క ప్రశ్న అడిగుంటే గెలుపు మాదేనండీ. ముద్దాయి ప్రతి శనివారం వాళ్లూరి భజనలో పాడతాడు, సాక్షి వింటాడు. ఆ జవాబు మా వాడి నోట్లో రెడీగా పెట్టాను. ఆవిడ ఎందుకు అడగలేదు? అసలు మీరు ఏం నేర్పారు? ఏ పుస్తకం? నాకూ..."

గఫార్ సాహెబ్ పక్కనున్న కుర్చీ లాగి వాడి ముందు వేశాడు.

"కూర్చో నాయనా," అన్నాడు.

అదీ కథ. ఇప్పటికీ అనుమానం ఉన్నవాళ్లు చౌడేశ్వరిని అడక్కండి, గెలిచినవాళ్లు ఎన్నైనా చెబుతారు. మద్దిలేటినీ అడక్కండి, కన్నతండ్రి. ఓడినవాడు తన నోటితో ఒప్పుకున్నదాన్ని మించిన సాక్ష్యం ఏ చట్టంలోనూ లేదు. విశాఖ కోర్టులో వకీలుగా ఉన్నాడు, వెళ్లి అడగండి. పేరు ద్విభాష్యం సోమశేఖర్.