బోలోడి మీద గట్టోడి ఏడుపు

ఒక బియ్యం మిల్లులో ఒక షాఫ్టు, అంటే పొడుగాటి ఇనుప ఇరుసు, ఉండేది. ఇంజను తిరిగితే అది తిరిగేది, అది తిరిగితే పెద్ద మర తిరిగేది. నిండా ఇనుమే, ఎక్కడా సందు లేదు. అందుకని అందరూ దాన్ని గట్టోడు అనేవాళ్ళు.

మిల్లంటే మామూలు మిల్లు కాదు. ఈ చివర తాత వడ్లు పోస్తే, ఆ చివర బియ్యమై రాలేసరికి మనవడు సంచి పట్టుకుని నిలబడేవాడు. గట్టోణ్ణి తెచ్చిన రోజు పన్నెండు జతల ఎడ్లు లాగాయి. బండి దించాక ఆ వీధి ఒక మెట్టు కిందకి దిగిపోయింది. ఇప్పటికీ అక్కడ వాన నీళ్ళు నిలబడతాయి, అనుమానం ఉంటే వెళ్ళి చూసుకోండి.

ఒకసారి మిల్లు నడిపే అమ్మగారు అంతకంటే పెద్ద మర కొంది. దాని కోసం ఇనుము చెక్కే టర్నరు మేస్త్రి ఒక కొత్త షాఫ్టు తెచ్చాడు. గట్టోడి కంటే లావుగా ఉంది. కాటా మీద పెడితే మాత్రం ఇద్దరూ ఒకటే బరువు, ఆవగింజంత తేడా లేదు.

గట్టోడు కొత్తోడి మూతిలోంచి లోపలికి చూశాడు. అవతలి వెలుతురు కనపడింది. లోపలంతా బోలే, అందుకే వాడి పేరు బోలోడైంది. అప్పుడే ఒక తొండ ఇటు దూరి అటు పోయింది.

"ఏరా తమ్ముడూ, పొద్దున్న ఏం తినలేదా?" అన్నాడు.

"తిన్నానన్నా. తిన్నదంతా ఒంటికి పట్టింది, కడుపులో ఏం మిగల్లేదు," అన్నాడు బోలోడు.

గట్టోడు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు మధ్యాహ్నం దాకానే. మేస్త్రి బోలోణ్ణి కొత్త మరకి ఎక్కించి, పాత మర పీకేసి, గట్టోణ్ణి తీసుకెళ్ళి ఊక ఊదే ఫ్యానుకి కట్టాడు.

ఇంక చూసుకోండి. బోలోడికి అమ్మగారు పసుపు రాస్తే గట్టోడి ఒళ్ళు భగ్గుమనేది. వాడు తిరుగుతుంటే సన్నగా రాగం తీసినట్టుండేది, కూలోళ్ళు దానికి తల ఊపేవాళ్ళు. వాడికి రెండు చుక్కలు నూనె పోస్తే ఇక్కడ వీడి గొంతు ఎండిపోయేది. కుళ్ళుకుని కుళ్ళుకుని కిర్రు కిర్రుమనడం మొదలెట్టాడు. ఆ మోతకి ఏడూళ్ళ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి.

చివరికి మేస్త్రిని పిలిచాడు. "నన్నూ తొలిచెయ్యి. ఆ కొత్త మర నాకు కావాలి."

మేస్త్రి బీడీ పక్కన పెట్టాడు. "ఒరే, వాడి గొప్ప ఆ బొక్కలో లేదురా. ఉన్న ఇనుమంతా అంచుకి తోసుకుని లావయ్యాడు. తిరిగేటప్పుడు మెలి పడే జోరంతా మోసేది ఆ అంచే. నిన్ను తొలిస్తే నువ్వు లావెక్కవు, ఖాళీ అవుతావంతే."

ఏడ్చేవాడికి చెప్పిన మాట చెవిలో దూరుతుందా? ఇంకో వారం కిర్రుమన్నాడు. అమ్మగారి దవడపన్ను కదిలింది. వాడు అడిగిందేదో చేసి పారెయ్యవయ్యా, లేకపోతే నా పన్ను ఊడేలా ఉందని ఆవిడే మేస్త్రిని పంపింది.

మేస్త్రి పనితనం మామూలుది కాదు. పొట్టు పొట్టుగా తొలవలేదు. లేతు మిషను మీద చుట్టూరా గాడి కోసుకుంటూ పోయి, అరటి బోదెలోంచి దూట లాగినట్టు నడిమి ఇనుమంతా ఒక్క కడ్డీగా లాగేశాడు. గట్టోడి బరువులో నాలుగో వంతు బయటికి వచ్చింది.

తర్వాత వాణ్ణి పెద్ద మరకి పెట్టి చూశాడు. అక్కడ షాఫ్టు కూర్చునే బేరింగు బోలోడి లావుకి చేసింది. అందులో వీడు గాబులో గరిటెలా లొడలొడలాడాడు. మళ్ళీ ఊక ఫ్యానే గతి అయింది.

ఇప్పుడు నడుం విరిగి చస్తానేమోనని గట్టోడికి గుబులు పట్టుకుంది. ఏం కాలేదు. ఫ్యాను ఎప్పటిలాగే తిరిగింది, ఊక ఎప్పటి కుప్పలోనే పడింది.

"నాలుగో వంతు తీసేశానమ్మా. పనిలో తేడా ఏం తెలియట్లేదు," అన్నాడు మేస్త్రి.

తన లోపలి నిండుదనం చూసుకునే ఇన్నాళ్ళూ మురిసిపోయాడు వాడు. ఆ మాట విన్నాక మురవడానికి ఏమీ మిగల్లేదు.

నాలుగో రోజు అమ్మగారు, గట్టోడిలోంచి తీసి గోడకి ఆనించిన ఆ కడ్డీని చూసింది. తిన్నగా, నున్నగా ఉంది. మిల్లు తలుపుకి అడ్డగడియగా బాగుంటుందంది. అప్పట్నుంచీ రోజూ నలుగురు కూలోళ్ళు దాన్ని పెళ్ళికొడుకుని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టేవాళ్ళు. ఆవిడ దానికి బొట్టు పెట్టాకే మిల్లు తెరుచుకునేది.

"అన్నా, ఇప్పుడు మనిద్దరం ఒకటేగా," అన్నాడు బోలోడు, పాపం, మంచిగానే.

గట్టోడు వాడి వంక చూడనే లేదు. తలుపు వంకే చూస్తున్నాడు. మేస్త్రి అటుగా వస్తే ఆపాడు.

"ఆ తలుపు దగ్గరోడు ఎవడు మేస్త్రీ? ఎంత నిండుగా ఉన్నాడు. నా లోపల అలాంటోణ్ణి ఒకణ్ణి పెట్టవా?"

మేస్త్రి ఆ కడ్డీని చూశాడు. వీడి బొక్కని చూశాడు. టీ తాగడానికి వెళ్ళిపోయాడు.