కడ తాంబూలపు నోము కథ

చేతులలో అక్షతలు పట్టుకొని, పక్కవారి చీర అంచు వైపు చూడక, కథ వినుడు.

ఒకనాడు గాలవ మహాముని శాండిల్య మహామునిని సమీపించి, "స్వామీ! భూలోకమున ఆడువారు పేరంటములకు పోవుచున్నారు, బొట్టు పెట్టించుకొనుచున్నారు, తిరిగి వచ్చుచున్నారు. ఒకరి మనసు ఒకరికి తెలియుట లేదు. పదిమంది కూడినచోట మనసులు కూడా కూడు ఉపాయమేమి?" అని అడిగెను. శాండిల్యుడు గడ్డము నిమురుకొని ఇట్లు చెప్పెను.

పూర్వము కుముదపురమున రత్నమాంబ అను వర్తకుని భార్య ఉండెను. గోడకు అవతల నేతగాని ఇల్లాలు పేరిందేవి ఉండెను. శ్రావణ శుక్రవారమున ఇరువురును ఎవరింట వారు పేరంటము చేసిరి. రత్నమాంబ పట్టు రవికెలు, కొబ్బరికాయలు, దోసిలి నిండుగ సెనగలు సిద్ధపరచి, వచ్చినవారు గడప దాటగానే, ఊరంతయు చూచునట్లు తాంబూలము చేతిలో పెట్టెను. పుచ్చుకొన్నవారు పుచ్చుకొన్నట్లే లేచి పోయిరి. పేరిందేవి ఇంట చారెడు సెనగలు, వాడిన తమలపాకులు. అయినను దీపములు పెట్టువేళ దాటినను అక్కడివారు కదలరైరి. ఒకపరి నవ్వులు, ఒకపరి వెక్కిళ్లు గోడ దాటి వచ్చెను.

"ఏడవడానిక్కూడా దాని ఇంటికే పోవాలా?" అని రత్నమాంబ కడుపు కుమ్మరి ఆవమువలె మండెను.

మరుసటి శుక్రవారము ఆమె ముత్తైదువలకు వెండి కుంకుమ భరిణెలు పంచెను. వారు, చేయి పెద్దదని మెచ్చుకొని, ఆ భరిణెలతో తిన్నగా పేరిందేవి ఇంటికే పోయిరి. రత్నమాంబ గోడకు చెవి ఆనించెను.

"ఏదీ, మూత తియ్యవే, చూద్దాం!"

తన వెండిని దాని చాప మీద విప్పి చూచుచుండిరి! ఆ రాత్రి ఆమెకు అన్నము సహింపలేదు.

అవతల ఏదో మంత్రమున్నదని తలచి, ఆపై వారము తానే పేరిందేవి ఇంటికి పోయెను. చాప మీద ఒకతె తన అత్త నేయి దాచిపెట్టుచున్నదని చెప్పెను. వేరొకతె కూతురు తనతో మాటలాడుట మానెనని చెప్పి కన్నీరు పెట్టెను. ఆ వెనుక పేరిందేవి రత్నమాంబ వైపు తిరిగెను.

"నువ్వెలా ఉన్నావు వదినా?"

"నాకేం తక్కువమ్మా? ఆ తాంబూలమేదో ఇలా పడెయ్, పోతాను."

ఒకరి మాట వినక, తన మాట చెప్పక, అడిగి పుచ్చుకొన్న తాంబూలమునకు గౌరీదేవి అలిగెను. రత్నమాంబ ఇంట పాలు తోడుకొనకపోయెను. అంగడికి బేరము రాకపోయెను. పెనిమిటి విసుగుకొని అంగడిలోనే పండుకొనెను. మరుసటి శుక్రవారము ఒక్కరును గడప తొక్కలేదు. పళ్లెములో తమలపాకులు పసుపుబారుచుండగా ఆమె ఒంటరిగ కూర్చుండెను.

అప్పుడొక ముసలి ముత్తైదువ వచ్చెను. రత్నమాంబ ఆనందముతో తాంబూలము పట్టుకొని పరుగెత్తెను. అవ్వ చేతులు వెనుకకు దాచుకొనెను.

"ఇదేంటే పిల్లా, కూచోకముందే పొమ్మంటున్నావు?"

"అయ్యో, పొమ్మన్నానా అవ్వా? తాంబూలమే కదా ఇస్తున్నాను!"

"తాంబూలం చేతిలో పడ్డాక ఏ ముత్తైదువ కూచుంటుందే? వచ్చినవాళ్లందర్నీ గడపలోనే సాగనంపి, పక్కింట్లో కూచున్నారని ఏడుస్తావా?"

అంతట అవ్వ నోము విధానము చెప్పెను. ఒక్క చాప పరచి, ఇంటి ఇల్లాలు గడప వైపు అంచున కూర్చుండవలెను. తాంబూలపు పళ్లెము అమ్మవారి పాదముల చెంత ఉంచవలెను. వచ్చిన ప్రతివారును కడుపులోని మాట ఒకటి చెప్పువరకు దానిని తాకరాదు. మధ్యలో నీతులు చెప్పరాదు. మొదటి మాట ఇల్లాలిదే కావలెను. ఇట్లు పలికి గౌరీదేవి అంతర్ధానమయ్యెను.

రత్నమాంబ ఇంటింటికి పోయి బ్రతిమాలి పిలిచెను. వారు వచ్చిరి, కూర్చుండిరి, పళ్లెము వైపే చూచిరి. ఎవరును నోరు మెదపరైరి. చెప్పినచో పరువు పోవును. చెప్పకున్నచో వీరు పోవుదురు, మరి రారు. తుదకు రత్నమాంబ మొదటి మాట తానే అనెను.

"పేరిందేవీ! మీ ఇంట్లో నవ్వులు వినపడితే నాకు ముద్ద దిగదే. మీ పైకప్పు కూలిపోవాలని మొక్కుకున్నాను కూడా."

పేరిందేవి మొగము ఎఱ్ఱబడెను. పిమ్మట మెల్లగా అనెను:

"ఆ వెండి భరిణె నాకొక్కదానికే రాలేదని, నేను రోలెక్కి మీ గోడమీంచి చూశాను వదినా. జారి పడ్డాను. నడుం ఇంకా సలుపుతోంది."

"ఓసి నీ మొహం మండా, ఆ చప్పుడు నీదా! పిల్లి అనుకున్నానే!"

అందరును పొట్ట పట్టుకొని నవ్విరి. ఆపై ఒక్కొక్కరే నోరు విప్పిరి. చీకటి పడినను కదలరైరి. కట్టకడపట రత్నమాంబ తాంబూలములిచ్చి, పేరిందేవి నడుమునకు నువ్వులనూనె రాచెను. ఆ రాత్రి పాలు తోడుకొనెను. అంగడి నిండెను. పెనిమిటి ఇల్లు చేరెను. ఆమె అసూయ పోయెనా అందురేమో, పోలేదు. ప్రతి శుక్రవారము అదియు వచ్చి చాప మీద కూర్చుండెడిది.

కావున గాలవా! ఇరుగుపొరుగు పొసగనివారు, తోడికోడళ్లు, నాకేమి తక్కువ అనువారు, గోడకు చెవి ఆనించువారు తప్పక ఈ నోము నోచవలెను. నోచినవారి ఇంట చాప చిరుగును, మనసు అతుకును. పద్ధతి తప్పినను పలకరింపు తప్పరాదు.

అక్షతలు తలపై వేసుకొనుడు. తాంబూలములకు తొందరపడకుడు, ఈ చాప మీద ఇంకను నోరు విప్పనివారున్నారు.