వాగు పొంగిన ఆట

మద్దివాగు ఒడ్డున ఒక మేకల మంద ఉండేది. పూర్వం వాగు పొంగిన ఏడాది పెద్దలు ముళ్లదారిన నల్లగుట్ట ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న వైనాన్ని మంద ఏటా ఆటగా ఆడేది. ఆటకో కట్టుబాటు ఉండేది. ఆ వరద చూసినవారు ముందు కూర్చోవాలి, తప్పు కనిపిస్తే "అలా కాదు" అనాలి. ఆ మాట వినబడితే ఎంతటి వేషగాడైనా ఆగి సరిదిద్దుకోవాల్సిందే. చూసినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. ఆట ఆగిపోయింది. చివరికి ఆనాడు మందతో కలిసి గుట్టెక్కిన ముసలి బర్రె, పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఆటను మళ్లీ నిలబెడతానన్నాడు జాజి అనే కుర్ర మేకపోతు. ఊళ్లో గోడల మీది పోస్టర్లు మేసి పెరిగినవాడు; నోరు తెరిస్తే నినాదమే. "కళ మందది. తన కథ తెలియని మంద, మందే కాదు" అంటూ తిరిగి తిరిగి పిల్లల్ని పోగుచేశాడు. పెద్దమ్మ కళ్లు చెమర్చాయి.

కానీ సాధన మొదలయ్యాక ఆమె అడుగడుక్కీ ఆపేది.

"అలా కాదురా. అక్కడ మీ తాత జారిపడ్డాడు. లేచి కుంటుకుంటూ ఎక్కాడు."

"ఇలా అయితే మేం గుట్టెక్కేసరికి తెల్లారుతుంది పెద్దమ్మా."

"మేమూ తెల్లారేకే ఎక్కాం నాయనా."

పిల్లలు నవ్వారు. జాజికి చెవులు కాలాయి.

పొదల్లోంచి చూస్తున్న నక్క సాయంత్రం అతని పక్కన చేరింది.

"గొప్ప పని ఎత్తుకున్నావు తమ్ముడూ. కానీ చరిత్రంతా ఒక్క ముసలి నోటికి కట్టేస్తే, అది పెత్తనం కాదూ?"

ఆ మాట జాజి ఎప్పుడో మేసిన పోస్టరులోదే. కడుపులో కదిలింది.

"అయినా ముళ్లదారి ఎవరు చూస్తారయ్యా? వాగు మధ్య ఇసుకదిబ్బ మీదికి పరుగెత్తినట్టు పెట్టు. వెన్నెల, తెల్లటి ఇసుక. చప్పట్ల పూచీ నాది."

నక్క వినయం అంటే ఏమిటో ఏ పోస్టరులోనూ రాసి ఉండదు. మర్నాడే జాజి పిల్లలకు నేర్పాడు: "'అలా కాదు' అని ఎవరరిచినా ఆగకండి. పరుగు ముందుకే."

అది విని పెద్దమ్మ లేచి గుట్టమీదికి వెళ్లిపోయింది. ఆట నిజంగానే వాగు మధ్య దిబ్బ మీద జరిగింది, అదిరింది. నక్క మాట నిలబెట్టుకుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

శ్రావణంలో వాగు నిజంగానే పొంగింది. పిల్లలు ఆటలో నేర్చిన దారినే దిబ్బకు పరుగుతీశారు. గుట్టమీంచి పెద్దమ్మ గొంతు చించుకుంది: "అలా కాదురా, అలా కాదు."

వెనక నుంచి జాజి కూడా అదే అరిచాడు. పిల్లలు విన్నారు. నేర్పినట్టే, ఆగలేదు.

కొందరిని వాగు తీసుకుపోయింది. ఈది ఒడ్డు చేరినవాళ్ల కోసం నక్క చుట్టాలతో సహా కాచుకుని ఉంది.

పెద్దమ్మ ఆ చలికాలం దాటలేదు. ఏళ్లు గడిచాక కొత్త పిల్లలు మళ్లీ ఆట కట్టారు, ఈసారి ఈ వరదది. ముందు చోట ముసలి జాజిని కూర్చోబెట్టారు. అతని వేషం కట్టిన మేకపిల్ల లేతకొమ్ములు ఎగరేసి, "ఎవరరిచినా ఆగకండి" అంది. అని, కట్టుబాటు ప్రకారం అతనివైపు చూసింది. మంద మొత్తం చూసింది.

"అలా కాదు" అన్న మాట జాజి గొంతు దాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. అచ్చం అలాగే జరిగింది మరి.

చూసినవారి నోరు మూయించి ఆడిన ఆటలో చప్పట్లు కూడా చావుడప్పులే.